మా వీధి నడక

2009 ఫిబ్రవరి 9

ఇన్‌జూ ఈరోజు సోఫా పట్టుకుని లేచి నిలబడింది. నేను గోడ పట్టుకుని వంటగది దాకా వెళ్ళాను. చప్పట్లు మాత్రం దానికే కొట్టారు.

కొట్టనీ. అది నా మనవడి కూతురు, ఇంకా ఏడాది నిండలేదు. నాకు అరవై ఏడు. అది నిలబడితే ఇంటిల్లిపాదికీ పండగ, నేను నిలబడితే "అపా, కర్ర ఏదీ?" అని కేక. ఇంటికి పెద్దదాన్ని కదా, కోడళ్ళందరికీ అపానే. జనవరిలో రొట్టెల కొట్టు ముందు మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచి నాతో ఎవరేం మాట్లాడినా ఆ మాటలో కర్ర ఉంటోంది.

కొడుకు తోలేగెన్ తన ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడు. మంచి గదే ఇచ్చారు. కిటికీలోంచి చూస్తే కార్లు కనిపిస్తాయి. పోట్లాడ్డానికే మనిషి లేదు. కోడలు శోల్పన్ మర్యాదస్తురాలు, మర్యాదస్తులతో పోట్లాట కుదరదు. అందుకని ఈ పుస్తకం తెప్పించుకున్నాను. ఇందులో ఎవరిని ఏమన్నా ఎవరూ నొచ్చుకోరు.

ఫిబ్రవరి 10

కర్ర లేకుండా గది తలుపు దాకా. ఎవరూ చూడలేదు. చూడకపోవడమే మంచిది.

ఫిబ్రవరి 14

రాత్రి భోజనాల దగ్గర శోల్పన్ కబురు చెప్పింది. "వచ్చే నెల నౌరుజ్ కొత్త సంవత్సరం పండక్కి ఇన్‌జూకి కాలిదారం కోయించేద్దాం. మా ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడిగాను, వస్తానన్నారు."

ఆసెల్ చేతిలో చెంచా ఆగింది. ఆసెల్ అంటే ఇన్‌జూ తల్లి. మొగుడు చమురు బావుల దగ్గర పనికి పోతే ఇక్కడ అత్తగారి మాటకీ నా నోటికీ మధ్య నలుగుతూ ఉంటుంది, పాపం.

"ఆవిడే ఎందుకు అత్తయ్యా?"

"ఎందుకేంటి ఆసెల్! చదువుకున్న మనిషి, పేరున్న మనిషి. వచ్చినవాళ్ళు చూస్తారు కదా."

"నడక ఎలా ఉంటుంది?" అన్నాను నేను.

"ఎవరిదపా?"

"మీ ప్రిన్సిపాల్‌ది. పిల్ల కాళ్ళకి కట్టిన దారం ఎవరు కోస్తే వాళ్ళ నడకేగా పిల్లకి వచ్చేది. వాళ్ళ పేరు రాదు, ఉద్యోగం రాదు."

"బానే నడుస్తారపా" అంది శోల్పన్ మర్యాదగా.

నేను చూశాను ఆవిడ నడక, పోయినేడు ఒక పెళ్ళిలో. ఎత్తు మడమల చెప్పులు వేసుకుని కారు దిగితే చెరోవైపూ ఒకరు చెయ్యి పట్టుకుని హాల్లోకి తెచ్చారు. దాన్ని ఊరేగింపు అంటారు, నడక అనరు. తోలేగెన్ తల ఎత్తకుండా మాంసం ముక్క కొరుకుతున్నాడు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, ఆడవాళ్ళ మాటల మధ్య వాడికి ఆకలెక్కువ.

పైకి మాత్రం "మంచి ఆలోచన" అన్నాను. నన్ను అడుగుతారని నేనేం అనుకోలేదు. అడిగితే ఒప్పుకునేదాన్నీ కాదు.

ఫిబ్రవరి 15

నా కాలిదారం కోసింది ఎమ్మా బెకర్. 1943లో, యుద్ధం మధ్యలో.

మా గని వీధి అంటే బొగ్గు మట్టి పోసిన గుట్ట వెనకాల వరసగా పచ్చి ఇటుకల ఇళ్ళు. ఒక్కో ఇంట్లో రెండు మూడు కుటుంబాలు, మధ్యన ఒకటే నీళ్ళ కుళాయి. మంచు తెల్లగా పడి మధ్యాహ్నానికి నల్లబడేది. బట్టలు ఆరేసేముందు ఆడవాళ్ళు వేలు తడిచేసి గాలి ఎటునుంచో చూసుకునేవారు. కజక్కులం మేమున్నాం, తాతార్లున్నారు, రష్యన్లున్నారు, దూరప్రాచ్యం నుంచి సర్కారు తరిమేసిన కొరియా వాళ్ళున్నారు, వోల్గా ఒడ్డునుంచి రైళ్ళలో తెచ్చి పడేసిన జర్మన్లున్నారు. అందరి మొగాళ్ళూ ఒకే గనిలోకి దిగి ఒకే రంగుతో పైకొచ్చేవారు.

ఎమ్మా ఆ జర్మన్లలో ఒకతె. గని స్నానాల గదిలో బట్టలుతికేది. ఆమె నడక గురించి వీధంతా చెప్పుకునేది. అడుగు నేలకి ఆనిందో లేదో తెలిసేది కాదు. రెండు చేతులా నిండు బకెట్లతో వస్తున్నా చుక్క ఒలికేది కాదు. ఎదురుపడి పలకరిద్దామనుకునేలోపే వీపు కనిపించేది.

అమ్మ ఆమెనే పిలుస్తానంటే పక్కింటి ముసలామె గుండెలు బాదుకుందట. "యుద్ధం జరుగుతుంటే జర్మన్ మనిషితో కోయిస్తావా? నీ తమ్ముడు ఎవరి మీద కాలుస్తున్నాడే అక్కడ?"

అమ్మ అందట, "నేను కాళ్ళని చూశానమ్మా, కాయితాల్ని కాదు. ఈ వీధిలో అలా నడిచే మనిషిని ఇంకొకరిని చూపించు, ఆవిడనే పిలుస్తా."

ఎవరూ చూపించలేకపోయారు. నాన్న కత్తి అందిస్తే ఎమ్మా ఏం చేయాలో తెలియక నిలబడిపోయిందట, అమ్మే చేతులాడించి చూపించిందట. దారం తెగగానే నేను పరుగెత్తానట. పడి, లేచి, మళ్ళీ పరుగెత్తానట. అది చూశాక వీధిలో ఎవరి బిడ్డ నిలబడినా ఎమ్మాకే కబురు వెళ్ళేది. ఆ ముసలామె మనవడి దారం కూడా ఎమ్మాయే కోసింది. ఈ మాట చెప్పేటప్పుడు అమ్మ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఫిబ్రవరి 19

ప్రిన్సిపాల్ మేడమ్‌కి శాలువా పెట్టాలా, కోటు గుడ్డ పెట్టాలా అని శోల్పన్ గంటసేపు ఫోన్లో మాట్లాడింది. నాకేం పట్టలేదు.

పట్టలేదు కాబట్టే రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 22

కిటికీ దగ్గర కూర్చుని కిందపోయే జనాన్ని చూశాను. చెవికి ఫోన్లు పెట్టుకుని ఈడ్చుకుంటూ పోతారు. మా తమ్ముడొక్కడు తప్ప మా వీధి పిల్లలెవరూ మెల్లగా నడిచి ఎరగరు. మేం బజారులోకి అడుగుపెడితే కూరలమ్మే వాళ్ళు "ఎమ్మా పిల్లలొచ్చారు, బుట్టలు పక్కకి లాక్కోండి" అనేవారు. గని పనివాళ్ళ పండగనాడు పరుగు పందెంలో వేరే వీధుల వాళ్ళు రెండో బహుమతికి పోటీ పడేవారు. మొదటిది మాదని వాళ్ళకీ తెలుసు.

మా అక్కకీ నాకూ కలిపి ఒకటే జత ఉన్ని ఫెల్టు బూట్లు. అక్క పొద్దుటి బడి నుంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో విప్పితే, ఆ వెచ్చదనం పోకముందే నేను తొడుక్కుని మధ్యాహ్నం బడికి పరుగెత్తేదాన్ని. ఈ సంగతి చెబితే ఆసెల్ "అయ్యో" అంటుంది. అయ్యో ఎందుకు? నా బూట్లు ఎప్పుడూ వెచ్చగా ఉండేవి. ఆ బడిలో ఇంకెవరి బూట్లు వెచ్చగా ఉండేవి?

తర్వాత గనిలో దీపాల గదిలో చేరాను. షిఫ్టు మారేటప్పుడు వందలమంది మొగాళ్ళు కిటికీ ముందు తోసుకుంటుంటే అరల మధ్య తిరిగి ఎవరి దీపం వాళ్ళ చేతికివ్వాలి. "రాబిగా, నీ కాళ్ళకి చక్రాలేమన్నా బిగించారా?" అనేవారు. ఆ కిటికీ దగ్గరే మా ఆయన నన్ను చూశాడు. పెళ్ళయ్యాక చెప్పాడు, "నీ మొహం తర్వాతెప్పుడో చూశాను. ముందు నువ్వు దాటిపోవడమే చూశాను" అని. ఇంతకంటే మంచి మాట ఏ మొగుడూ ఏ పెళ్ళానికీ చెప్పి ఉండడు.

ఫిబ్రవరి 27

ఆసెల్ గొర్రె కొవ్వు వేడిచేసి నా కాలికి రాస్తూ, "నిద్రలో ఎమ్మా ఎమ్మా అంటున్నారపా, ఎవరావిడ?" అని అడిగింది. చెప్పాను. చెప్పడం మొదలుపెడితే నాకు ఆపడం తెలీదు.

1951 వేసవిలో ఒకరోజు గని కూత వేళకాని వేళ మోగింది. ఆ కూత వింటే మా వీధిలో ఆడవాళ్ళు పొయ్యిమీద కుండ పొయ్యిమీదే వదిలేసి గేటువైపు పరుగెత్తేవారు. అమ్మ అప్పుడు జ్వరంతో పడుకుని ఉంది. లేవబోయి తూలింది. ఎమ్మా గుమ్మంలో తల పెట్టి "నువ్వు కదలకు, నేను చూసొస్తా" అంది. మాట పూర్తయ్యేసరికి వీధి చివర ఉంది. గేటు దగ్గరికి అందరికంటే ముందు చేరిందీ ఆమే, తిరిగి వచ్చిందీ ఆమే. వీధి మొదట్లోంచే అరుస్తోంది, "సుయున్‌షీ! సుయున్‌షీ!" అని.

శుభవార్త తెచ్చిన మనిషి మా వాళ్ళలో అలా అరుస్తుంది, వార్త చెప్పకముందే బహుమతి అడుగుతుంది. జర్మన్ నాలుక మీద ఆ మాట వంకరపోయింది. అయినా అంత అందమైన కేక నేను మళ్ళీ వినలేదు. నాన్నకి పక్కటెముకలు విరిగాయి, బతికాడు. అమ్మ మంచం మీదనుంచే తన ఒక్కగానొక్క ఉన్ని శాలువా తీసి ఎమ్మా భుజాల మీద వేసింది. మరో ఇద్దరు పైకి రాలేదు. ఆ ఇళ్ళ గుమ్మాల్లో ఎవరూ ఆ కేక వేయలేదు.

ఆసెల్ ఇంకాస్త కొవ్వు తీసుకుని కాలు నొక్కింది. "ఆవిడ నడకే మీకొచ్చిందన్నమాట."

"వచ్చింది. రొట్టెల కొట్టు ముందు పోయింది."

మార్చి 3

ఆసెల్ అడిగింది.

పొద్దున్న శోల్పన్ కాలేజీకి వెళ్ళాక పిల్లని చంకనేసుకుని నా గదిలోకి వచ్చింది. "అపా, ఇన్‌జూ దారం మీరు కోయండి. అత్తయ్యకి నేను చెప్పుకుంటా."

"నీకు మతి ఉందా? నేనెలా నడుస్తున్నానో చూశావా? బాతులు కూడా నవ్వుతాయి. రేపు ఆడపిల్ల కుంటుకుంటూ తిరిగితే నన్ను తిట్టుకుంటావు."

"నేను తిట్టుకోనపా."

"నేను తిట్టుకుంటాను. పో, పాలు పొంగుతున్నాయి."

పొయ్యిమీద పాలే లేవు. ఇద్దరికీ తెలుసు. వెళ్ళిపోయింది.

అడిగింది కదా, అదే పదివేలు. నాకు కావలసింది ఆ అడగడమే. ఇంకేం అక్కర్లేదు.

అయినా పండక్కి ఇంకా రోజులున్నాయి. ఎండ వస్తే ఎముక త్వరగా అతుక్కుంటుందని డాక్టరే అన్నాడు. ఈలోగా నా నడక నాకు తిరిగొస్తే అప్పుడు చూద్దాం.

మార్చి 5

కర్ర లేకుండా మెట్ల దాకా వెళ్ళాను. వేగంగా వెళ్ళాలని చూసి పడ్డాను. ఎవరికీ చెప్పలేదు. మోకాలు కమిలింది, మందం మేజోళ్ళు వేసుకున్నాను.

ఆ నడక ఇక తిరిగి రాదు. రాసి చూసుకుంటే తేలిగ్గానే ఉంది.

మార్చి 8

ఆడవాళ్ళ పండగ. తోలేగెన్ ముగ్గురికీ ఒకే రకం పూలు తెచ్చాడు, గొడవ లేకుండా. మధ్యాహ్నం వేరా త్సోయ్ వచ్చింది, కారం పట్టించిన క్యారెట్ తురుము డబ్బాతో. మా వీధి వాళ్ళలో ఈ ఊళ్ళో మిగిలింది మేమిద్దరమే.

"ఏమే ముసలిదానా, పడుకునే పండగ చేసుకుంటున్నావా?" అంటూ వచ్చి, కోటు విప్పకముందే కిటికీ తెరిచి, దిండు సర్ది, టీ పెట్టుకొచ్చింది. నాకంటే ఒక్క ఏడాది చిన్నది. అలా చకచకా తిరుగుతుంటే కడుపు మండింది, ముచ్చటా వేసింది. దాని దారం కూడా ఎమ్మా కోసిందే. కొరియా వాళ్ళకి ఈ అలవాటు లేకపోయినా మా వీధిలో ఉండి చేయించకపోతే వాళ్ళమ్మకి నిద్ర పట్టలేదట.

రెండు మూడు రోజులుగా అనుకుంటున్న మాట బయటపెట్టాను. "నా పని అయిపోయింది వేరా. నీకింకా ఎమ్మా నడక ఉంది. పిల్ల దారం నువ్వు కోయవే. ఆ ప్రిన్సిపాల్ ఊరేగింపు కాకుండా మా వీధి నడక వస్తుంది దానికి."

వేరా ఫోర్కు కింద పెట్టింది. "ఆ నడక పసిదానికెందుకే?"

"ఎందుకేంటి?"

"నువ్వింకా దాన్ని నడకనే అనుకుంటున్నావా? అది భయం రాబిగా. మాకూ ఎమ్మాకీ మధ్య ఒక్క గోడేగా. మా అమ్మ అన్నీ చూసింది. తరిమి తెచ్చిన జర్మన్లు పారిపోలేదని కమాండెంట్ ఆఫీసులో వేళకి వెళ్ళి సంతకం పెట్టాలి, ఉతుకుడు పని దగ్గర వదలరు. నేను పుట్టకముందు ఒక చలికాలం మంచు తుఫానులో ఆలస్యమైతే లోపలేశారు. ఆవిడ కొడుకు విల్లీ మా అక్క పక్కలో పడుకుని అమ్మ కోసం ఏడుస్తూనే ఉన్నాడట. బయటికొచ్చాక ఆవిడ మెల్లగా నడవడం మానేసింది. కుండలో నీళ్ళు ముంచుకోవడానికి కూడా పరుగే. మీ అమ్మ ముచ్చటపడి ఆ పరుగు తెచ్చి నీ కాళ్ళకి తగిలించింది. మా అమ్మా అంతే. వీధి వీధంతా అంతే."

నేను టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నా వేరా ఆగలేదు.

"నేను చూడు, బస్సు నాకోసం ఆగి ఉన్నా పరుగెత్తుతా. డ్రైవరు నవ్వుతాడు, అయినా పరుగెత్తుతా. ఎందుకో నాకే తెలీదు. పసిదానికి అది వద్దే."

"నీ క్యారెట్లలో ఉప్పెక్కువైంది" అన్నాను.

వేరా కోటు వేసుకుని వెళ్ళిపోయింది. మెట్లమీద దాని అడుగుల చప్పుడు టకటకా దిగిపోయింది.

మార్చి 9

వేరా ఫోన్ చేసింది. పడుకున్నానని చెప్పించాను.

మార్చి 10

మళ్ళీ చేసింది. మళ్ళీ పడుకున్నాను.

మార్చి 12

భయమట.

తెలియక కాదు. ఎమ్మా సంతకానికి వెళ్తుందని వీధిలో కుక్కలకి కూడా తెలుసు. ఎమ్మా వేగంగా నడుస్తుందనీ అందరికీ తెలుసు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. చూడాలనిపించలేదేమో. అంత మంచి నడక చేతికందుతుంటే ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరడుగుతారు?

వేరా తప్పు చెప్పిందని రుజువు చేద్దామని కూత మోగిన రోజు గుర్తుచేసుకున్నాను. ఆరోజు ఆమె పరుగెత్తింది సంతకం కోసం కాదు. మరి భయంతో కాదా? భయంతోనే. మా నాన్న ఏమయ్యాడోనని. అలాంటి భయమైతే నేను నెత్తిన పెట్టుకుంటాను. దానికి నేను సిగ్గుపడను, ఎవరినీ పడనివ్వను.

కానీ మా ఆయనతో పార్కుకి వెళ్ళినప్పుడల్లా నేను ముందు, ఆయన వెనకాల. "ఎవరే నిన్ను తరుముతోంది?" అని అరిచేవాడు. నవ్వులాటకే. నేను ఒక్కసారి కూడా ఆగి ఆయన పక్కన నడవలేదు.

మార్చి 16

పొద్దున్న వరండాలో నడుస్తున్నాను. కర్రతోనే. మోకాలి దెబ్బ తర్వాత తొందర మానేశాను, అడుగు తీసి అడుగు వేస్తున్నాను. శోల్పన్ ఎదురొచ్చి, "ఏమపా, ఒంట్లో బాగోలేదా?" అంది. ఆ మాట వినగానే గోడకానుకుని నిలబడిపోయాను. అచ్చం ఇదే మాట అమ్మ ఎమ్మాని అడిగింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుర్తురాలేదు.

1956, చలికాలం. జర్మన్లు ఇక సంతకాలు పెట్టక్కర్లేదని చెప్పారు. మాకా సంగతి ఇంకా తెలీదు. ఆరోజు ఎమ్మా పని నుంచి వస్తూ వీధి మొదట్లో కనిపించింది. మెల్లగా నడుస్తోంది. ఒక గుమ్మం దగ్గర ఆగింది. కుళాయి దగ్గర మంచుగడ్డ చూస్తూ నిలబడింది. ఎవరి కుక్కనో నిమిరింది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. ఎమ్మాకి ఏదో పెద్ద జబ్బు చేసిందని ఖాయం చేసుకున్నారు. అమ్మ వేడి వేడి మాంసం చారు గిన్నెలో పోసుకుని ఎదురెళ్ళింది. తాతార్ల ఇంటావిడ దుప్పటి తెచ్చింది. ఎవరో డాక్టరు కోసం పిల్లాణ్ణి పంపారు.

"ఏమైంది ఎమ్మా, ఒంట్లో బాగోలేదా?"

ఎమ్మా వీధి మధ్యన చారు గిన్నె పట్టుకుని నవ్వింది, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "బానే ఉన్నాను. నన్నెవరూ పిలవడంలేదు, అంతే. ఇవాళ నేను వేళకి ఎక్కడికీ చేరక్కర్లేదు." ఆ చారు అక్కడే నిలబడి తాగింది, గుటక గుటకకీ ఆగుతూ.

ఆ వసంతంలోనే మా తమ్ముడు కైరత్ నిలబడ్డాడు. ఎమ్మాని పిలవడానికి అమ్మ వెనకాడింది. "ఇప్పుడావిడ మెల్లగా నడుస్తోంది కదా, పిల్లాడు మొద్దబ్బాయి అవుతాడేమో" అంది. నాన్న అన్నాడు, "ఈ వీధినిండా పరుగెత్తేవాళ్ళే. ఒక్కణ్ణయినా తీరిగ్గా నడవనీవే." నేను అక్కడే ఉన్నాను, పద్నాలుగేళ్ళ దాన్ని. ఎమ్మా కత్తి పట్టుకుని తీరిగ్గా వంగి, వాడి బుగ్గ ముద్దు పెట్టుకుని, అప్పుడు కోసింది.

కైరత్ నడక చూసి మేం ఎంత నవ్వేవాళ్ళమో. బడికి ఆఖరున వచ్చేవాడు. గనిలోకి ఆఖరున దిగేవాడు. 1989లో గని పనివాళ్ళంతా పని ఆపేసి ఊరి మధ్య మైదానంలో కూర్చుని హెల్మెట్లు నేలకేసి కొట్టినప్పుడు నేనూ వెళ్ళాను, రొట్టెలు పట్టుకుని. పైనుంచి వచ్చిన పెద్దమనుషులు మైకు ముందు నిలబడి, మీ తరఫున ఒకరు రండి, త్వరగా రండి అన్నారు. వీళ్ళు కైరత్‌ని లేపారు. వాడు లేచి, బట్టలు దులుపుకుని, ఆ మైదానమంతా తన నడక తను నడిచాడు. మైకు దగ్గర పెద్దమనుషులు చేతిగడియారాలు చూసుకుంటూ నిలబడ్డారు. వాడు చేరేదాకా నిలబడే ఉన్నారు. చుట్టూ హెల్మెట్ల మోత. నా పక్కనున్న మనిషి "ఎవరాయన?" అంటే "నా తమ్ముడు" అన్నాను. ఆరోజు అన్నంత గట్టిగా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

వాడు పోయి మూడేళ్ళు. వాడి నడక ఎక్కణ్ణించి వచ్చిందో ఇవాళ తెలిసింది నాకు.

మార్చి 18

ఇవాళ నేనే అడిగాను. పుట్టి బుద్ధెరిగి నేను ఎవరినీ ఏదీ అడగలేదు. కోడల్ని అడిగాను.

"శోల్పన్, ఇన్‌జూ దారం నేను కోస్తాను."

శోల్పన్ చేతిలో గిన్నె బల్లమీద పెట్టింది. తర్వాత మర్యాద పక్కన పెట్టి మాట్లాడింది, నేను ఈ ఇంటికొచ్చాక మొదటిసారి. "అపా, మీ మీద గౌరవం లేక కాదు. మీరే చెప్పారు, కోసినవాళ్ళ నడకే వస్తుందని. పిల్ల కుంటితే? చెప్పండి, కుంటితే ఏం చేయను నేను?"

తగిలింది. తగిలినా మెచ్చుకున్నాను. ఆ భయం నాదీ కదా, మొన్నటిదాకా.

"నా తుంటి దానికి రాదు" అన్నాను. "విరిగింది ఎముక. ఎముక నడక కాదు. నేనిప్పుడు ఎవరో తరుముతున్నట్టు నడవడంలేదు, అది వస్తుంది. కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. నేర్చుకున్నదాన్ని దాని చేతిలో పెట్టి పోతాను." ఎమ్మా సంగతీ, కైరత్ సంగతీ చెప్పాను.

తోలేగెన్ నోట్లో ముద్ద పెట్టుకోబోయి ఆగాడు. "కైరత్ మామయ్య నడకా? అదయితే నాక్కూడా కోయమ్మా. ఆఫీసులో మా బాస్ పిలిస్తే పడుతూ లేస్తూ వెళ్తున్నా."

ఆసెల్ పకపకా నవ్వింది. శోల్పన్ నవ్వలేదు, కానీ గ్లాసులో టీ పోసి నా ముందు పెట్టింది. "మేడమ్‌కి ఏం చెప్పను?"

"భోజనానికి రమ్మను. మొదటి మాంసం ముక్క ఆవిడకే పెట్టు. శాలువా కూడా పెట్టు."

తర్వాత వేరాకి ఫోన్ చేశాను. "ఆదివారం రా. క్యారెట్లు తే. ఉప్పు సరిగ్గానే ఉంది."

"నిద్ర లేచావా?" అంది.

మార్చి 21

కత్తి నూరించాను. తుంటి నూరేవాడు దొరకలేదు.

మార్చి 22

ఇల్లంతా జనం. ప్రిన్సిపాల్ మేడమ్ పెద్దల వరసలో కూర్చుంది, మంచి మనిషే, మాటకి మాట నవ్వుతుంది. గుమ్మం నుంచి గది చివరిదాకా తెల్లగుడ్డ పరిచారు. ఆ చివర ఆసెల్ ఇన్‌జూని నిలబెట్టి పట్టుకుంది, చీలమండలకి నలుపూ తెలుపూ కలిపి పేనిన దారం.

నేను గుమ్మంలోంచి బయలుదేరాను. కర్రతో. అంతమంది ఒక్కసారి ఊరుకునేసరికి కర్ర చప్పుడు మరీ గట్టిగా వినిపించింది. శోల్పన్ పక్కకొచ్చి గొణిగింది, "కాస్త త్వరగా అపా, మేడమ్ ఇంకో చోటికి వెళ్ళాలట." నేను ఆగాను. ఊపిరి తీసుకున్నాను. అవసరం లేకపోయినా తీసుకున్నాను. మళ్ళీ నడిచాను.

పిల్ల ముందుకి వెళ్ళాక అప్పుడు తెలిసింది, నేను వంగలేను. ఇన్ని రోజులు నడక గురించే ఆలోచించాను గానీ దారం నేలమీద ఉంటుందని ఒక్కసారీ తట్టలేదు. ఎవరో "కుర్చీ, కుర్చీ" అన్నారు. "పిల్లని బల్లమీద నిలబెట్టండి" అన్నారు ఇంకెవరో. బల్లమీద నిలబెట్టి కోస్తే దాన్ని నడక అంటారా? కర్ర వేరా చేతిలో పెట్టి, ఆసెల్ భుజం పట్టుకుని నేలమీదకి జారాను. డాక్టరు చూస్తే మూర్ఛపోయేవాడు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్‌జూ నా మొహం దగ్గరగా మొహం పెట్టి చూసింది. దాని బుగ్గ ముద్దు పెట్టుకున్నాను. కత్తి దారం కిందికి పోనిచ్చి లాగాను. తెగింది.

వెంటనే చాక్లెట్లు చల్లారు, చప్పట్లు, కేకలు. కోసిన మనిషి పిల్ల చెయ్యి పట్టుకుని తెల్లగుడ్డ మీద నడిపించాలి. నేను లేవలేను. ఇన్‌జూ నా తలగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. అటునుంచి తోలేగెన్ బొమ్మ ఊపుతూ "రా తల్లీ, రా రా, పరుగెత్తు" అంటున్నాడు. మేడమ్ గాజులు గలగలలాడించి పిలుస్తోంది. శోల్పన్ రెండు చేతులూ చాపి "త్వరగా, త్వరగా, నా బంగారం" అంటోంది.

ఇన్‌జూ అందర్నీ ఒక్కొక్కరినే చూసింది. నా తలగుడ్డ వదిలింది. ఒక అడుగు వేసి ఆగింది. ఇంకొకటి వేసింది. బొమ్మ దగ్గరికి వెళ్ళలేదు. గాజుల దగ్గరికీ వెళ్ళలేదు. తెల్లగుడ్డ దిగి, పక్కకి తిరిగి, జనం కాళ్ళ మధ్యనుంచి తన దారిన తను వెళ్తోంది. ఎవరెంత పిలిచినా తల తిప్పలేదు. కేకలు తగ్గాయి. గది గదంతా పక్కకి జరిగి దానికి దారి ఇచ్చింది.

"కుంటడంలేదు" అంది శోల్పన్ మెల్లగా, నాకొక్కదానికే వినిపించేలా.

వేరా, తోలేగెన్ చెరో రెక్కా పట్టుకుని నన్ను లేపబోయారు. వదలమన్నాను. తొందరేం లేదు, అది ఎక్కడిదాకా వెళ్తుందో నన్ను చూడనివ్వండి అన్నాను.